ఉమ్మడి ఇల్లు – కోర్టు వేలము



ఉమ్మడి ఆస్తుల తగవులను గూర్చి మీతో మాటలాడుమని మమ్ము కోరినారు. ఈ తగవులు కోర్టు మెట్లెక్కుటకు చాల ముందే మీ యరుగుల మీదికి వచ్చును. అన్నదమ్ములు మాటామాటా అనుకొన్ననాడు మొదట కబురు వచ్చునది మీకే. వకీళ్ళకు తెలిసినదంతయు మీకు తెలియనక్కర లేదు. కాని పంచుటకు వీలు లేని ఆస్తిని ఏమి చేయవలెనని చట్టము చెప్పుచున్నదో అది మాత్రము మీకు తెలిసియుండవలెను. అది తెలియక గ్రామములలో రెండు తప్పుమాటలు చెల్లుబాటగుచున్నవి. "ఇల్లు పంచుటకు వీలు కాదు, కావున ఇచ్చినది పుచ్చుకొని ఊరకుండుము" అనునది మొదటిది. "కోర్టుకు పోయినచో ఇల్లు వేలమునకు పోవును, ఎవరికిని దక్కదు" అనునది రెండవది. రెండింటిచేతను నష్టపడునది ఇంట బలము లేనివారే.

మేము గోదావరి ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక మండువా ఇల్లు చూచితిమి. నాలుగు వైపుల వసారాలు, నడుమ వాననీరు పడు మండువా, వెనుక పెరడు, పెరటిలో నుయ్యి. తాతలనాటి కట్టడము. ఇద్దరన్నదమ్ములు వేరుపడిరి. పెద్దమనుష్యులు తాడు పట్టి కొలిచి అంగుళము తేడా లేకుండ సగము చేసిరి. మండువా నడుమ గోడ లేచినది. నుయ్యి ఒకరి వైపునకు, వంటయిల్లు మరియొకరి వైపునకు వచ్చినవి. వీధిగుమ్మము దక్కినవానికి పెరటిదారి లేదు. వానకాలమున మండువాలో పడిన నీరు గోడకు తగిలి వసారాలోనికి ఎక్కుచున్నది. కొలతలో తప్పు లేదు గాని ఇల్లు పాడైనది. ఇరువురును దానిని అమ్మజూచిరి. నడుమ గోడ గల సగము ఇంటిని కొనువాడు రాలేదు.

ఈ చిక్కు నేటిది కాదు. పూర్వము మన దేశపు కోర్టులకు ఇట్టి యెడల వేరు దారి లేకుండెను. వాటాదారుడు పంపకము కోరినచో ఆస్తిని ముక్కలు చేసి ఇచ్చుటయే వాటి పని. చిన్న కొంపను పదిమందికి పంచవలసి వచ్చినపుడు డిక్రీ ఇచ్చియు దానిని నెరవేర్చలేక కోర్టులు నానా ఉపాయములు వెదకుకొనుచుండెను. ఇంగ్లండులో 1868లో ఇందుకొక చట్టము చేసికొనిరి. ఆ పోలికలో మనకు 1893లో విభజన చట్టము వచ్చినది. పది సెక్షన్ల చిన్న చట్టము. నేటికిని అదియే నడచుచున్నది. దీనికి మతభేదము లేదు. ఎవరి వాటా ఎంత అనునది హిందువులకు, మహమ్మదీయులకు, క్రైస్తవులకు వారి వారి వారసత్వ నియమములు తేల్చును. తేలిన వాటాలు పంచుటకు వీలులేనిచో ఏమి చేయవలెనో ఈ చట్టము చెప్పును.

మొట్టమొదట మీరు గుర్తుంచుకొనవలసినది, కోర్టు తనంత తానుగా ఎవరి ఇంటిని వేలము వేయదు. వీలున్నంతవరకు ఆస్తిని పంచి ఇచ్చుటయే సాధారణ నియమము. అమ్మకమునకు మూడు సంగతులు కలిసి రావలెను. ఆస్తి స్వభావమును బట్టియో, వాటాదారులు పెక్కుమంది యగుటచేతనో, మరి యే ప్రత్యేక కారణముననో దానిని సమంజసముగా పంచుటకు వీలు లేదని కోర్టునకు తోచవలెను. అమ్మి సొమ్ము పంచుట వాటాదారులందరికిని ఎక్కువ లాభకరమని తోచవలెను. అమ్ముడని కోరువారి వాటాలు, ఒక్కరివైనను, కొందరివి కలిపియైనను, మొత్తములో సగమో అంతకు మించియో ఉండవలెను. ఈ మూడును ఉన్నను ఉత్తరువు చేయుట కోర్టు వివేచనకు లోబడియే యుండును.

ఒక ఉదాహరణ చెప్పెదము. ఒక తండ్రి వీలునామా వ్రాయకుండ మరణించెను. భార్య అంతకు మునుపే గతించినది. స్వార్జితమైన ఇల్లొకటి యున్నది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె; ఒక్కొక్కరికి మూడవ వంతు. పెద్దవాడు ఆ ఇంటిలోనే యుండి సేద్యము చేయుచున్నాడు. చిన్నవాడు హైదరాబాదులో ఉద్యోగి. ఆడపడుచు పొరుగూరి కోడలు. చిన్నవాడొక్కడే పంపకపు దావా వేసి ఇల్లమ్ముడని కోరినచో వానికి సగము లేదు; ఈ సెక్షను వానికి పని చేయదు. అంతమాత్రమున వాని వాటా గాలికి పోదు. ఇంటిని ఒకరికి కేటాయించి తక్కినవారికి ఎచ్చుతగ్గుల సొమ్ము ఇప్పించుట, లేదా వాటాదారుల నడుమనే పాట పెట్టుట మొదలగు పద్ధతులను కోర్టులు అట్టి యెడల అనుసరించుచున్నవి. ఆడపడుచు కూడ చిన్నవానితో కలిసినచో వారి వాటాలు మూడింట రెండు వంతులగును. అప్పుడు కోర్టు వారి కోరికను ఈ సెక్షను క్రింద విచారించును. తల్లి జీవించి యున్నచో ఆమెకును సమానమైన వాటా కలదు గనుక నాలుగు వాటాలగును. అప్పుడు తమ్ముడును చెల్లెలును కలిసినచో సరిగా సగము. చట్టమునకు అదియు చాలును.

ఇక ఆ పెద్దవాని సంగతి. పుట్టిపెరిగిన ఇల్లు, పశువుల కొట్టము, పెరటిలో తాను నాటిన కొబ్బరిచెట్లు. తోబుట్టువులు అమ్మకము కోరినారని తెలియగానే అతడు మీ వద్దకు పరుగెత్తి వచ్చును. అతనికి మీరు చెప్పవలసినది మూడవ సెక్షను. అమ్మకము కోరినవారి వాటాలను, కోర్టు కట్టించిన విలువకు తానే కొనెదనని తక్కిన వాటాదారులలో ఎవడైనను దరఖాస్తు చేసికొనవచ్చును. చేసికొన్నచో కోర్టు విలువ కట్టించి తీరవలెను. ఆ వెలకు అతనికే ఇవ్వజూపవలెను. ఇల్లు 18 లక్షల రూపాయలని విలువ తేలినది అనుకొందము. ఒక్కొక్కరి వాటా 6 లక్షలు. పెద్దవాడు తమ్మునికి 6, చెల్లెలికి 6, వెరసి 12 లక్షలు కట్టినచో ఇల్లంతయు అతనిదగును. వేలము లేదు, బయటివాడు గడప తొక్కుట లేదు. ఇట్లు కొనగోరువారు ఇద్దరు ముగ్గురున్నచో, కట్టిన విలువకు మించి ఎవరు హెచ్చుగా ఇచ్చెదమందురో వారికి దక్కును.

ఇందులో చమత్కారమొకటి కలదు. కొందరు అన్నను బెదరించుటకే అమ్మకము కోరుదురు. అన్న నిబ్బరముగా "సరే, కోర్టు వెలకు నేనే కొనెదను" అనగానే వెనుకకు తగ్గి దావాను ఉపసంహరించుకొనజూతురు. అట్లు చేయుటకు వీలు లేదని 1972లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో తేల్చినది. కొనెదనని రెండవ పక్షము వారు దరఖాస్తు చేసిన పిమ్మట వారికొక హక్కు ఏర్పడును. దావాను ఎత్తివేసి ఆ హక్కును చెరపరాదు. కావున అమ్మకము కోరుట ఆటకాదని తమ్మునికి చెప్పుడు. అన్నకును ఒక మాట కలదు. విలువ కట్టించిన పిమ్మట ఎవరును ఆ వెలకు కొననిచో, కొనెదనని దరఖాస్తు చేసినవారే ఆ దరఖాస్తు ఖర్చులు భరింపవలెను. సొమ్ము ఎక్కడినుండి తెచ్చునో ముందు చూచుకొని అడుగు వేయవలెను.

పెద్దవాడు సొమ్ము కూర్చుకొనలేక పోయినచో వేలము జరుగును. ఇచ్చటను గ్రామస్థులకు అనుమానము కలదు. అప్పుల వేలములు చూచినవారు గనుక, ఇల్లు కారుచౌకగా పోవునని భయపడుదురు. విభజన చట్టపు వేలమునకు కోర్టు ఒక కనీస ధర నిర్ణయింపవలెను. అంతకు లోబడి పాట కొట్టివేయరాదు. వాటాదారులును పాడవచ్చును. వారికి ధరావతు కట్టుట నుండి మినహాయింపు ఇచ్చుటకును, పాట సొమ్ములో వారి వాటాను వారికే చెల్లు పెట్టుటకును కోర్టునకు అధికారము కలదు. పై ఉదాహరణములో బయటివాడు 21 లక్షలు పాడెను. పెద్దవాడును 21 లక్షలే పాడెను. సమానమైన పాట వచ్చినపుడు అది వాటాదారుని పాటగానే ఎంచవలెనని చట్టములో ఉన్నది. ఇల్లు పెద్దవానిది. తన వాటా 7 లక్షలు చెల్లు పోగా 14 లక్షలు కట్టవలెను. విలువకు కొన్నచో 12 లక్షలతో పోవునది, వేలములో 14 లక్షలైనది. కావుననే అమ్మకపు కోరిక దాఖలైన వెంటనే తన దరఖాస్తు పెట్టుకొనుమని అతనికి చెప్పవలెనని మేము అనుచున్నాము.

ఆస్తి అంతయు ఒకే విధముగా తేలవలెనని లేదు. కొంత పంచి కొంత అమ్ముటకును చట్టమున చోటు కలదు. మూడెకరముల మాగాణియు ఒక బియ్యపు మిల్లును ఉమ్మడిగా ఉన్నచో, భూమిని గట్లు వేసి పంచి, మిల్లును అమ్మి సొమ్ము పంచవచ్చును. మిల్లు యంత్రమును మూడు ముక్కలు చేసినచో మిగులునది పాత ఇనుము.

ఇక వాటా కొన్న బయటివాని సంగతి. దీనిలో పంచాయతీ సభ్యులు తెలియక చిక్కుకొనుచున్నారు. తమ్ముడు విసిగిపోయి తన మూడవ వంతును ఊరిలో ధనవంతునికి అమ్మివేయును. ఆ ధనవంతుడు దస్తావేజు చేతబట్టుకొని, ఇద్దరు సభ్యులను వెంట తీసికొని, "నా వాటా గది నాకు చూపుడు" అని వచ్చును. కుటుంబము వారు అవిభక్తముగా కాపురముండు ఇంటిలో వాటా కొన్న పరాయివానికి, వారితో కలిసి ఆ ఇంటిలో ఉండు హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 44వ సెక్షను చెప్పుచున్నది. అతని దారి పంపకపు దావా వేయుటయే. అట్లు వేసిననాడు, ఆ కుటుంబపు వాటాదారుడు ఎవడైనను కోర్టు కట్టిన విలువకు ఆ వాటాను తిరిగి కొనెదనని కోరవచ్చును. ఇది విభజన చట్టము నాలుగవ సెక్షను. పరాయివాడు గదికి తాళము వేయుటకు మీరు సాక్షులై నిలిచినచో చట్టవిరుద్ధమైన పనికి నిలిచినవారగుదురు.

తమ్ముడు అమ్మకముందే అడ్డుకొనుటకును దారి కలదు. తండ్రి ఆస్తి సంతానమునకు కలిసి సంక్రమించినపుడు, వారిలో ఒకరు తన వాటాను అమ్మదలచినచో తక్కినవారికి ముందుగా కొను హక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 22వ సెక్షను ఇచ్చుచున్నది. వెల కుదరనిచో కోర్టు నిర్ణయించును. ఈ హక్కు వ్యవసాయ భూములకును వర్తించునని 2019లో సుప్రీంకోర్టు చెప్పినది.

ఆడపడుచుల వాటా మాట ఎత్తగానే సభలో గుసగుసలు బయలుదేరుట మేమెరుగుదుము. పెళ్ళికి కట్నమిచ్చితిమి, పసుపు కుంకుమల క్రింద ఇంత ముట్టినది, ఇంకను వాటా ఏమి అందురు. కట్నమిచ్చుటచేత వారసత్వము పోదు. తండ్రి స్వార్జితములో కుమార్తెకు సమాన వాటా 1956 నుండియే కలదు. పిత్రార్జితములో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేశములో చాల రాష్ట్రముల కంటె ముందుగా, 5-9-1985 నుండి వర్తించునట్లు, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు కల్పించినది. 9-9-2005 నుండి దేశమంతటను, వివాహమైనవారికిని కానివారికిని, అదే హక్కు వచ్చినది. 20-12-2004కు ముందే చట్టప్రకారము జరిగిపోయిన పంపకములను అది కదలింపదు. తండ్రి 2005 నాటికి జీవించి యుండనక్కర లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు సందేహము తీర్చినది. 2011లో మన ప్రాంతము నుండి వెళ్ళిన వ్యాజ్యమొకదానిలో, ప్రాథమిక డిక్రీ అయిపోయినను తుది డిక్రీ కాకముందే 2005 చట్టము వచ్చినది గనుక, ఆడపడుచుల వాటాలు పెంచి డిక్రీని సవరింపవచ్చునని ఆ కోర్టే చెప్పినది.

దీని ఫలితము చూడుడు. ఆడపడుచుకు మూడవ వంతు ఉన్నదన్నచో, ఆమె ఎవరితో కలియునో వారికి సగము దాటును. కోర్టులో అమ్మకము కోరుటకు ఆమె మాట తూకపురాయి. అందుచేతనే దావాకు ముందు ఆమె చేత తెల్లకాగితము మీద "నాకు వాటా అక్కర లేదు" అని వ్రాయించి, సాక్షి సంతకము మిమ్మల్ని చేయుమందురు. నూరు రూపాయలు, అంతకు పైబడిన విలువ గల స్థిరాస్తిలో హక్కు విడుదల చేయు పత్రము రిజిస్టరు కావలెను. రిజిస్టరు కాని ఆ కాగితముచేత ఆమె హక్కు పోదు. మీకు మాత్రము సాక్షిగా కోర్టుచుట్టు తిరుగు శ్రమ మిగులును. అట్లే పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరులో ఒక్కరి పేరు ఎక్కించినంతమాత్రమున ఇల్లు వారిది కాదు. పన్ను రశీదు హక్కుపత్రము కాదని మీ కార్యాలయములో అందరికి తెలిసిన సంగతియే. అయినను తగవు వచ్చిననాడు మొదట బయటికి వచ్చునది ఆ రశీదే. ఒకరి పేర మార్చుడని అర్జీ వచ్చినపుడు, తక్కిన వారసులెవరని ఒక్క ప్రశ్న అడిగినచో సగము వ్యాజ్యములు అచ్చటనే ఆగునని మా నమ్మకము.

మైనరు బిడ్డల వాటా ఉన్న చోట మరింత జాగరూకత కావలెను. దావా నడుచుచుండగా మైనరు పక్షమున రాజీ చేసికొనుటకు కోర్టు అనుమతి తప్పదు. అనుమతి లేని రాజీని ఆ బిడ్డ రేపు పెద్దవాడై కాదనవచ్చును.

కోర్టు నడక గూర్చి కొంచెము చెప్పి ముగించెదము. పంపకపు దావాలో డిక్రీ రెండు మెట్లు. మొదటిది ప్రాథమిక డిక్రీ. ఎవరి వాటా ఎంతో చెప్పును, అంతే. దానిని చూచి గెలిచితిమని ఊరిలో మిఠాయిలు పంచినవారు కలరు. పిమ్మట కమీషనరు వచ్చి ఆస్తిని చూచి, పంచుటకు వీలున్నదా లేదా, ఉన్నచో ఎట్లు పంచవలెను అని నివేదిక ఇచ్చును. అప్పుడు తుది డిక్రీ. అది స్టాంపు కాగితముల మీద వ్రాయబడిన పిమ్మట గాని అమలునకు పనికిరాదు. ఈ రెండు మెట్ల నడుమ కాగితములు ఏండ్ల తరబడి నిద్రించుట మన దేశమున పాత జబ్బు. ప్రాథమిక డిక్రీ ఇచ్చిన కోర్టు, ఎవరును వేరుగా దరఖాస్తు చేయనక్కర లేకుండ, తుది డిక్రీకై తానే వ్యవహారమును నడపవలెనని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ప్రాథమిక డిక్రీతో ఆగిపోయినవారు మీ ఊరిలో ఉన్నచో ఈ సంగతి వారి చెవిని వేయుడు.

కమీషనరు వచ్చిననాడు మీరు చేయగల ఉపకారము కలదు. నుయ్యి ఎక్కడ, దారి ఎటు, వాననీరు ఎటు పోవును, ఏ గోడ ఎవరితో ఉమ్మడి అను సంగతులు ఊరివారికి తెలిసినట్లు పట్నపు వకీలునకు తెలియవు. నిజము నిజముగా చెప్పినచో మండువా నడుమ గోడ లేచుట తప్పవచ్చును.

ఇంటి హక్కును తేల్చు అధికారము మన పంచాయతీలకు లేదు. రాజీ కుదుర్చుటకు మాత్రము ఎవరును అడ్డు చెప్పరు. కుదిరిన రాజీని కాగితము మీద వ్రాసి పెట్టెలో దాచుట చాలదు. పంపకపు దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయింపుడు. లేదా లోక్ అదాలతుకు తీసికొని పొండు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఏర్పడిన ఈ అదాలతులు దావా వేయకముందు కూడ తగవును చేపట్టును. అచ్చట ఉభయుల సమ్మతితో ఇచ్చిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దాని మీద అప్పీలు లేదు. నడుచుచున్న దావా అచ్చట పరిష్కారమైనచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయసహాయము దొరకును. పొరుగూరి కోడలైన ఆ చెల్లెలు వకీలుకు ఇయ్యలేక వాటా వదలుకొనవలసిన పని లేదు.

మా యెరుకలోని మాటలు ఇవి. మీ మీ గ్రామములలో నలుగుచున్న తగవులు ఉన్నచో, పేర్లు చెప్పకుండ, వాటాలెన్ని, ఇంటిలో ఎవరున్నారు, కాగితములేవి రిజిస్టరైనవి అను మూడు సంగతులు మాత్రము చెప్పుడు. ఒక్కొక్కటిగా చూతము.